పెద్దల ఆటలకు తలుపు తీసిందెవరు? తొలి హోమ్ కంప్యూటర్ల నుంచి నేటి కార్డు కంపెనీల దాకా

క్లుప్తంగా: 1980లలో ఇళ్లలోకి వచ్చిన కంప్యూటర్లపై పెద్దల ఆటలు, అంటే శృంగార విషయాలున్న ఆటలు, పుట్టుకురావడానికి ప్రధాన కారణం, ఏ ప్రోగ్రామ్ నడవాలో తేల్చే అధికారం ఆ యంత్రాలు అమ్మిన కంపెనీలకు లేకపోవడం. ఆ ఆటల రూపాన్ని మెమరీ, తెర, యంత్రం ధర నిర్ణయించాయి. చట్టాలు, వయసు గుర్తులు అన్నిటికంటే చివర వచ్చాయి. అమెరికా, బ్రిటన్, జపాన్ మూడు దారులు ఎందుకు పట్టాయో, ఈనాటి వివాదానికి ఆ చరిత్రతో సంబంధం ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

2025 జూలైలో కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ తన దుకాణంలోంచి చాలా పెద్దల ఆటలను తీసేసింది. చిన్న తయారీదారులు ఎక్కువగా వాడే ఇచ్ ఐఓ అనే మరో దుకాణం అలాంటి ఆటలు వెతికినా కనబడకుండా చేసింది. దీని వెనక కోర్టు తీర్పు లేదు, ప్రభుత్వ ఉత్తర్వు లేదు. లైంగిక హింసను ఆటగా అమ్ముతున్నారంటూ ఆస్ట్రేలియాకు చెందిన కలెక్టివ్ షౌట్ అనే బృందం, డబ్బు చెల్లింపులు నడిపే కంపెనీలను నిలదీసింది. ఆ కంపెనీల నుంచి ఒత్తిడి వచ్చిందని దుకాణాలు చెప్పాయి. ఫలానా ఆట తీసేయమని తాము చెప్పలేదని మాస్టర్‌కార్డ్ ప్రకటించింది. మధ్యలో పాఠకులకు మిగిలింది గందరగోళం. ఆట చట్టబద్ధమైనదే అయితే ఎవరు ఆపారు? ఏ హక్కుతో ఆపారు?

నలభై ఏళ్ల వెనక్కి వెళ్తే ఈ చిక్కుముడి కొంత విడుతుంది. అప్పుడు ఆపేవాళ్లే లేరు. ఆపేవాళ్లు లేని చోట ఏం జరిగింది, ఆపేవాళ్లు ఎలా తయారయ్యారు అన్నదే అసలు కథ.

జిప్ సంచిలో ఫ్లాపీ

1977లో వచ్చిన యాపిల్ 2 పూర్తిగా తెరిచిన యంత్రం. మూత తీస్తే లోపల అదనపు కార్డులు గుచ్చుకునే ఎనిమిది స్లాట్లు ఉండేవి. దాని సర్క్యూట్ బొమ్మలను కూడా కంపెనీయే పుస్తకంగా అచ్చువేసి ఇచ్చింది. ప్రోగ్రామ్ రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇంట్లో కూర్చుని ఆట రాసి, ఫ్లాపీలనే పల్చటి డిస్కుల మీదికి కాపీ చేసి, జెరాక్స్ కాగితంతో కలిపి వంటింటి జిప్ సంచిలో పెట్టి అమ్మేవారు. పోస్టులో ఆర్డర్లు తీసుకునేవారు. సినిమాకు రేటింగ్ ఉంది, టీవీకి లైసెన్సు ఉంది. ఫ్లాపీకి ఏదీ లేదు. చట్టం దృష్టిలో అది పుస్తకానికి దగ్గరగా ఉండిపోయింది.

ఆ ఖాళీలోకి 1980లోనే ఇంటర్‌లూడ్ అనే ప్రోగ్రామ్ వచ్చింది. దాన్ని ఆట అనడం కష్టం. ఇద్దరినీ కొన్ని ప్రశ్నలు అడిగి, జవాబులను బట్టి ఆ సాయంత్రం ఎలా గడపాలో సలహా ఇచ్చేది. మరుసటి ఏడాది చక్ బెంటన్ అనే ప్రోగ్రామర్ రాసిన సాఫ్ట్‌పోర్న్ అడ్వెంచర్ వచ్చింది. కాలిఫోర్నియా కొండల్లో, యోసెమిటీ దగ్గర ఉన్న ఆన్‌లైన్ సిస్టమ్స్ దాన్ని అమ్మింది. తర్వాత సియెర్రా ఆన్‌లైన్‌గా పేరు మార్చుకున్న కంపెనీ ఇదే. కెన్ విలియమ్స్, ఆయన భార్య రొబెర్టా విలియమ్స్ దాని యజమానులు.

సాఫ్ట్‌పోర్న్‌లో ఒక్క బొమ్మ కూడా లేదు. అంతా అక్షరాలే. బార్‌లో ఉన్నావు, ఎదురుగా ఫలానా వస్తువు ఉంది అని తెర చెబుతుంది, ఆడేవాడు రెండేసి ఇంగ్లీషు మాటల్లో ఆదేశం టైపు చేస్తాడు. లోకం దృష్టి పడింది మాత్రం ఆట మీద కాదు, దాని అట్టమీది ఫొటో మీద. కెన్ ఇంటి హాట్ టబ్‌లో ముగ్గురు మహిళలు, పక్కన ట్రే పట్టుకున్న వెయిటర్. ఆ మహిళల్లో ఒకరు రొబెర్టాయే. మిగతా ఇద్దరూ కంపెనీకి చెందినవారే. 1981 అక్టోబర్‌లో టైమ్ పత్రిక ఆ ఫొటోను అచ్చువేసింది. ఆట దాదాపు 25,000 కాపీలు అమ్ముడైందని చెబుతారు. మొత్తం పరిశ్రమే అంగుష్ఠమాత్రంగా ఉన్న రోజుల్లో అది చాలా పెద్ద సంఖ్య.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని పక్కన పెట్టాలి. ఇలాంటివి తీసింది ఎక్కడో చీకటి సందుల్లోని వ్యాపారులని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇదే కంపెనీ కొన్నేళ్లలో డిస్నీ పాత్రలతో పిల్లల ఆటలు తీసింది, కింగ్స్ క్వెస్ట్ లాంటి కుటుంబ సాహసాలు తీసింది. పిల్లల ఆటకూ పెద్దల ఆటకూ వేరు గదులు లేవు. రెండూ ఒకే దుకాణం అరలో ఉండేవి.

తెర లెక్కలు

బొమ్మలు చూపడానికి ఇంత ఆసక్తి ఉన్నచోట తొలి ఆట అక్షరాలతో ఎందుకొచ్చింది? కూడికలు, భాగహారాలు చేస్తే జవాబు దొరుకుతుంది.

యాపిల్ 2లో ఒక నిండు తెర బొమ్మకు 8,192 బైట్లు కావాలి (ఒక బైటు అంటే ఒక ఇంగ్లీషు అక్షరం పట్టే చోటు). ఫ్లాపీ ఒక పక్క పట్టేది 1,43,360 బైట్లు. కుదించకుండా ముడిగా పెడితే పదిహేడు బొమ్మలతో ఫ్లాపీ నిండిపోతుంది, ఆటకు చోటుండదు. అదే ఫ్లాపీలో ఇంగ్లీషు అక్షరాలైతే దాదాపు ఎనభై పేజీల పుస్తకం పడుతుంది. ఊహకు పని పెట్టే కథ చవక. కంటికి చూపే బొమ్మ ఖరీదు. అందుకే సాఫ్ట్‌పోర్న్ మాటల మీద నడిచింది.

బొమ్మలు తప్పనిసరి అనుకున్నవాళ్లు వాటిని పొదుపుగా పంచే దారి వెతికారు. ఆర్ట్‌వర్క్స్ కంపెనీ 1982లో యాపిల్ 2పై తెచ్చిన స్ట్రిప్ పోకర్ ఆ దారికి నమూనా. ఎదురుగా కంప్యూటర్ నడిపే ఒక మహిళ బొమ్మ, చేతిలో పేకముక్కలు. ఆమె దగ్గర డబ్బు అయిపోయినప్పుడల్లా ఒక దుస్తు తగ్గుతుంది, తెరమీద బొమ్మ మారుతుంది. గంట సేపు ఆడితే చూసేది నాలుగైదు బొమ్మలు. అంటే ఆట మెమరీ కొరతను దాచిపెట్టే తెరలా పనిచేసింది. కొత్త ప్రత్యర్థుల బొమ్మలతో విడిగా ఫ్లాపీలు కూడా అమ్మారు. ఆట ఒకసారి కొని, తర్వాత అదనపు భాగాలకు మళ్లీ డబ్బు కట్టే పద్ధతి ఈనాడు ఫోన్ ఆటల్లో మామూలు. దాని తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

పోకర్ మీద మోజుతో ఎంచుకున్నది కాదిది. పేకాట ప్రోగ్రామ్ చిన్నది, కదిలే బొమ్మలు అక్కర్లేదు, గెలుపోటములు మెట్లుమెట్లుగా వస్తాయి. జపాన్‌లో అదే పనికి మాజాంగ్ అనే బిళ్లలాటను వాడారు. రెండు దేశాలవాళ్లూ ఒకే ఇబ్బందికి ఒకే రకం పరిష్కారం కనుక్కున్నారు.

అక్షరాల దారి కూడా ఆగిపోలేదు. 1986లో ఇన్ఫోకామ్ సంస్థ, స్టీవ్ మెరెట్‌స్కీ రాసిన లెదర్ గాడెసెస్ ఆఫ్ ఫోబోస్‌ను విడుదల చేసింది. పాత సైన్స్ కథల మీద హాస్యంగా అల్లిన ఆట. ఎంత ఘాటుగా ఉండాలో ఆడేవాళ్లే ఎంచుకునేలా మూడు స్థాయిలు పెట్టారు. ఆట మొదట్లో ఆడవాళ్ల మరుగుదొడ్డికి వెళ్తారా, మగవాళ్లదానికి వెళ్తారా అన్నదాన్ని బట్టి ఆడేవాళ్లు స్త్రీయా పురుషుడా అన్నది తేలుతుంది. మాటల ఆట కాబట్టే ఇది సాధ్యమైంది. ఒకే దృశ్యానికి మూడు రకాల వాక్యాలు రాయడానికి కొన్ని వందల బైట్లు చాలు. మూడు రకాల బొమ్మలు గీయాలంటే మరో ఫ్లాపీ కావాలి.

బ్రిటన్‌లో యంత్రం పిల్లల గదిలో ఉంది

యాపిల్ 2 విడుదలైనప్పుడు కనీస ధర 1,298 డాలర్లు. కొన్నది ఎక్కువగా సంపాదనపరులైన మగవాళ్లు. బ్రిటన్‌లో 1982లో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ 125 పౌండ్లకే దొరికింది. అది చదువుకునే పిల్లల గదుల్లోకి చేరింది. టేప్ రికార్డర్‌లో మామూలు క్యాసెట్ పెట్టి, కీచుమనే శబ్దం వింటూ నాలుగైదు నిమిషాలు ఆగితే ఆట ఎక్కేది. క్యాసెట్‌ను పాటల్లాగే ఇంట్లో కాపీ చేసుకోవచ్చు. పిల్లలు స్కూల్లో మార్చుకునేవారు.

స్పెక్ట్రమ్ తెర 256 బై 192 చుక్కలు. ఎనిమిది బై ఎనిమిది చుక్కల గడిలో రెండే రంగులు పడతాయి. మనిషి చర్మం, జుట్టు, వెనక గోడ ఒకే గడిలోకి వస్తే రంగులు కలగాపులగమైపోతాయి. ఒక తెరకు 6,912 బైట్లు. 48 కె (49,152 బైట్లు) మెమరీ ఉన్న యంత్రంలో తెర పోగా మిగిలే చోటు దాదాపు ఆరు బొమ్మలతో నిండుతుంది. 1986లో మార్టెక్ కంపెనీ, ద సన్ పత్రికలో మోడల్‌గా పేరొందిన గాయని సమాంతా ఫాక్స్ పేరుతో తెచ్చిన స్ట్రిప్ పోకర్‌లో ఆమె ఫొటోలను ఈ తెరకు సరిపోయేలా చుక్కలుగా మార్చి చూపారు. కొన్నవాళ్లకు దొరికింది మసక నలుపు తెలుపు బొమ్మ. ఆటను అమ్మిపెట్టినవి ఆమె పేరు, అట్ట మీది ఫొటో. లోపలిది పేకాట.

ఈ అట్టకూ లోపలికీ మధ్య దూరం ఆ కాలపు వ్యాపారానికి తాళంచెవి. తెర చూపలేనిదాన్ని అట్ట, పత్రికల్లో ప్రకటన చూపేవి. 1987లో ప్యాలెస్ సాఫ్ట్‌వేర్ తెచ్చిన బార్బేరియన్ కత్తియుద్ధాల ఆట. దాని ప్రకటనల్లో చాలీచాలని దుస్తుల్లో మారియా విటేకర్ అనే మోడల్ కనబడినందుకు గొడవైంది. ఆట లోపల ఉన్నది ప్రధానంగా కత్తియుద్ధమే.

బ్రిటన్‌లో వీడియో క్యాసెట్ల కోసం 1984లో చట్టం వచ్చింది. ఆటలను చాలావరకు దాని బయటే ఉంచారు. అయినా సీఆర్‌ఎల్ అనే కంపెనీ తన భయానక ఆటలను సినిమా సెన్సార్ బోర్డుకు తానే పంపింది. 1986లో డ్రాకులాకు 15 ఏళ్ల గుర్తు, 1987లో జాక్ ద రిప్పర్‌కు 18 ఏళ్ల గుర్తు వచ్చాయి. ఆ గుర్తు అట్టమీద ఉంటే అమ్మకాలు పెరుగుతాయన్న లెక్క ఇందులో ఉందన్నది తేలిగ్గానే అర్థమవుతుంది. ‘ఏ’ సర్టిఫికెట్‌ను పోస్టర్ మీద పెద్దగా అచ్చువేసే సినిమా వ్యాపారం తెలుగువారికి కొత్త కాదు.

జపాన్: ఖరీదైన యంత్రం, పదునైన తెర

మూడు దేశాల్లో ఈ ఆటలు ఒక పూర్తి పరిశ్రమగా ఎదిగింది జపాన్‌లోనే. దానికి కారణంగా సంస్కృతిని చూపించి వదిలేయడం చాలా వ్యాసాల్లో కనిపిస్తుంది. యంత్రాలను, ధరలను చూస్తే మరింత గట్టి జవాబు దొరుకుతుంది.

కోయి కంపెనీని 1978లో యోయిచి ఎరికావా, కేకో ఎరికావా దంపతులు పెట్టారు. మొదట అద్దకం రంగుల వ్యాపారం. భార్య పుట్టినరోజు కానుకగా ఇచ్చిన కంప్యూటర్‌తో ఆయన యుద్ధ వ్యూహాల ఆటలు రాశారు. 1982లో ఆ కంపెనీ నైట్ లైఫ్ అనే ప్రోగ్రామ్ తెచ్చింది. దంపతుల కోసం తయారుచేసిన సలహాల ప్రోగ్రామ్ అది, రేఖలతో గీసిన బొమ్మలు, నెలసరి లెక్క చూసుకునే క్యాలెండర్ కూడా ఉన్నాయి. జపాన్ తొలి శృంగార ఆటగా దాన్నే చెబుతారు. మరుసటి ఏడాదే ఆ కంపెనీ నోబునాగాస్ యాంబిషన్ తెచ్చి చరిత్ర ఆటలకు పెద్దపీట వేసింది. తర్వాత డ్రాగన్ క్వెస్ట్‌తో ప్రపంచానికి తెలిసిన ఎనిక్స్ కూడా తొలి రోజుల్లో పెద్దల ఆటలు అమ్మిన కంపెనీయే. అమెరికాలో సియెర్రా కథ ఇక్కడ మరోసారి కనిపిస్తుంది. కొత్త కంపెనీకి తొలి పెట్టుబడి కావాలి, పెద్దల ఆట త్వరగా అమ్ముడుపోతుంది, పేరొచ్చాక మిగతా ఆటల వైపు మళ్లుతారు.

ఇక యంత్రాల సంగతి. 1981లో ఎన్ఈసీ కంపెనీ కంప్యూటర్ పీసీ 8801 ధర 2,28,000 యెన్‌లు. 1982లో వచ్చిన పీసీ 9801 ధర 2,98,000 యెన్‌లు. 1983లో నింటెండో ఫామికామ్ వచ్చింది. టీవీకి తగిలించి ఆటలాడే ఇలాంటి యంత్రాన్ని కన్సోల్ అంటారు. ధర 14,800 యెన్‌లే. పదిహేను నుంచి ఇరవై రెట్లు తేడా. పిల్లలంతా ఫామికామ్ వైపు వెళ్లారు. కంప్యూటర్ దగ్గర మిగిలింది ఆఫీసు పనికో సరదాకో దాన్ని కొన్న పెద్దవాళ్లు. బ్రిటన్‌లో కంప్యూటరే పిల్లల బొమ్మ, జపాన్‌లో కన్సోల్ పిల్లల బొమ్మ. ఈ ఒక్క తేడా రెండు దేశాల్లో పెద్దల ఆటల తలరాతను మార్చేసింది.

తెర తేడా కూడా అంతే ముఖ్యం. చైనా లిపి నుంచి వచ్చిన కంజి అక్షరాలను స్పష్టంగా చూపాలి కాబట్టి ఈ కంప్యూటర్ల తెరలు పదునుగా ఉండాల్సి వచ్చింది. పీసీ 9801 తర్వాతి నమూనాల్లో 640 బై 400 చుక్కలు, 4,096 రంగుల్లోంచి ఒకేసారి 16 రంగులు దొరికేవి. కదలని బొమ్మకు అది అద్భుతమైన తెర. కదిలే బొమ్మకు మాత్రం ఇబ్బంది. ఫామికామ్‌లో పాత్రలను చకచకా కదిలించే ప్రత్యేక చిప్ ఉంది, ఆఫీసు లెక్కల కోసం పుట్టిన 9801లో లేదు. ఎగిరి దూకే ఆటలో ఈ యంత్రం ఓడిపోతుంది. నిలకడగా నిలిచే అందమైన బొమ్మ, కింద నాలుగు వరుసల కథ ఉండే ఆటలో గెలుస్తుంది. విజువల్ నవల అని ఈనాడు పిలిచే రూపం ఈ పరిస్థితుల్లో స్థిరపడింది. ఇలాంటి ఒక తెర బొమ్మ ముడిగా 1,28,000 బైట్లు, అంటే 1.2 ఎంబీ ఫ్లాపీకి తొమ్మిది. అందుకే బొమ్మలను కుదించే పద్ధతులు, ఐదారు ఫ్లాపీల ఆటలు వచ్చాయి. పదహారు రంగులతోనే చర్మం ఛాయలు తేవడానికి చిత్రకారులు రెండు రంగుల చుక్కలను చదరంగం గళ్లలా పక్కపక్కన పెట్టేవారు. ఆ చేతిపని నైపుణ్యాన్ని విషయంతో సంబంధం లేకుండా గౌరవించాల్సిందే.

ఆపేవాడు లేకపోవడం వల్ల వచ్చిన నష్టం కూడా ఇక్కడే స్పష్టంగా కనిపించింది. 1986లో మకడామియా సాఫ్ట్ అమ్మిన ఒక ఆట పేరు 177. జపాన్ శిక్షాస్మృతిలో అత్యాచారం నేరానికి ఉన్న సెక్షన్ నంబర్ అది. నేరాన్నే ఆటగా మార్చిన ఆ సరుకు గురించి అక్కడి పార్లమెంటు డయెట్‌లో చర్చ జరిగింది. పరిశ్రమ తనంతట తాను హద్దు గీసుకుంటుందన్న వాదన ఆ రోజు బలహీనపడింది.

హద్దు గీసిన ఘటన మాత్రం ఐదేళ్ల తర్వాత జరిగింది. 1991లో క్యోటోలో ఒక బడి పిల్లవాడు సావోరి అనే పెద్దల ఆటను దుకాణంలో దొంగిలించి దొరికిపోయాడు. పిల్లవాడి చేతిలోకి ఇది ఎలా వచ్చిందని మొదలైన దర్యాప్తు, అశ్లీల వస్తువుల అమ్మకాన్ని నిషేధించే 175వ సెక్షన్ కింద ఆ కంపెనీ అధిపతి అరెస్టు దాకా వెళ్లింది. మిగతా కంపెనీలకు వణుకు పుట్టింది. 1992లో అవి కలిసి సోఫురిన్ అనే నైతిక పరిశీలన సంస్థను పెట్టుకున్నాయి. ఆటను ముందుగా చూసి, 18 ఏళ్ల స్టిక్కర్ ఇవ్వడం దాని పని. స్టిక్కర్ లేకపోతే అమ్మడానికి దుకాణాలు వెనకాడతాయి. ప్రభుత్వం కొత్త చట్టం చేయకుండానే దుకాణం అర దగ్గర కాపలా ఏర్పడింది.

దాని ఫలితం ఊహించని వైపు వెళ్లింది. చూపేదానికి కొలత వచ్చాక కంపెనీలు కథ మీద పోటీపడ్డాయి. తర్వాత అనిమేగా (జపాన్ యానిమేషన్‌గా), ఫోన్ ఆటగా పెద్ద పేరు తెచ్చుకున్న ఫేట్ కథలు 2004లో మొదలైంది పెద్దల కంప్యూటర్ ఆటగానే. శృంగార దృశ్యాలు తీసేసిన రూపం తర్వాత కన్సోల్‌పైకి వెళ్లింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అనిమే చూసే కుర్రకారుకు తెలిసిన ఈ కథకు మూలం ఆ పీసీ పరిశ్రమలోనే ఉంది.

కన్సోల్ దారి వేరు

ఈ చరిత్రలో తరచూ వినిపించే కస్టర్స్ రివెంజ్ హోమ్ కంప్యూటర్ ఆట కాదు, అటారి 2600 కన్సోల్ ఆట. 1982లో మిస్టిక్ అనే ముద్రతో వచ్చింది, ధర 49.95 డాలర్లు. అమెరికా ఆదివాసీ మహిళపై దాడిని గెలుపుగా చూపే ఆ సరుకుపై ఆదివాసీ సంఘాలు, మహిళా సంఘాలు న్యూయార్క్‌లో నిరసన తెలిపాయి. ఒక్లహోమా సిటీ దాన్ని నిషేధించింది. తమ పేరు చెడుతోందని అటారి కోర్టుకెక్కింది. ఆ కోపం న్యాయమైనది. ఆడేవాళ్లు ఎంత చిన్న చుక్కల బొమ్మ చూసినా, ఆట వాళ్లను ఏ పని చేయమంటోందో అందులో దాపరికం లేదు.

అటారి ఎందుకు ఆపలేకపోయింది? తన కన్సోల్‌లో ఎవరి క్యాట్రిడ్జ్ (ఆట ఉండే చిన్న డబ్బా) పెట్టినా నడిచేది, తాళం లేదు. 1983 నాటి అమెరికా ఆటల మార్కెట్ పతనానికి ఇలాంటి ఆటలే కారణమని కొందరు రాస్తారు. అది సరికాదు, నాసిరకం ఆటలు కుప్పలుగా రావడం, ధరలు పడిపోవడం అసలు కారణాలు. పాఠం మాత్రం నింటెండో నేర్చుకుంది. 1985లో అమెరికాలో దిగిన తన కన్సోల్‌లో తాళం చిప్ పెట్టింది. కంపెనీ ఒప్పుకున్న క్యాట్రిడ్జ్‌లో మాత్రమే దానికి సరిపడే చిప్ ఉంటుంది. లైంగిక విషయాలకు అనుమతి లేదని నియమం పెట్టింది. అలా అనుమతి అనేది యంత్రం లోపలే కూర్చుంది. పెద్దల ఆటలు తీసేవాళ్లకు మిగిలింది కంప్యూటర్ ఒక్కటే.

వయసు అడిగిన ప్రశ్నలు

1987లో సియెర్రా, సాఫ్ట్‌పోర్న్ చట్రాన్ని తీసుకుని బొమ్మలతో లెజర్ సూట్ ల్యారీని తెచ్చింది. రాసింది ఆల్ లోవ్. అంతకుముందు ఆయన బడిలో సంగీతం నేర్పారు, సియెర్రాకు డిస్నీ ఆటలు చేశారు. నడివయసు, పాతబడ్డ సూటు, ఎవరూ పట్టించుకోని ఒంటరి మనిషి ల్యారీ. నవ్వు అతని మీదే పడుతుంది. చూపించాల్సిన చోట నల్లపట్టీ అడ్డొస్తుంది. మొదటి నెలల్లో పెద్దగా అమ్ముడుపోలేదు, చాలా దుకాణాలు పెట్టుకోవడానికే జంకాయి. నోటిమాటతో ఏడాదిలో హిట్ అయింది.

ఆట మొదలయ్యే ముందు వయసు అడిగేది. అబద్ధం చెప్పేవాళ్లను పట్టుకోవడానికి అమెరికా అధ్యక్షుడు నిక్సన్ కాలపు రాజకీయాలు, పాత టీవీ కార్యక్రమాల మీద ప్రశ్నలు వేసేది. అమెరికాలో పెరిగిన నడివయసువారికి తేలిక, పిల్లలకు కష్టం అని లెక్క. అమెరికా బయట ఆ లెక్క పనిచేయలేదు. వేరే దేశంలో నలభై ఏళ్ల మనిషి తప్పు చెప్పేవాడు, జవాబులు కాగితం మీద రాసుకున్న పదమూడేళ్ల పిల్లాడు దాటిపోయేవాడు. కొన్ని కీలు కలిపి నొక్కితే ప్రశ్నలే రావన్న రహస్యం కూడా త్వరలోనే పాకింది. వయసు నిర్ధారణకు ఈనాడు ప్రభుత్వాలు పడుతున్న పాట్లకు ఇది తొలి రూపం. మనిషి ఎవరో తెలియకుండా వయసు తెలుసుకోవాలన్న చిక్కు అప్పటికీ విడలేదు, ఇప్పటికీ పూర్తిగా విడలేదు.

ల్యారీలో మరో కీ ఉండేది, బాస్ కీ. ఆఫీసులో ఆడుతుంటే పై అధికారి వస్తే నొక్కడానికి. తెరమీద గంభీరమైన గ్రాఫ్ ప్రత్యక్షమయ్యేది. ఈ ఆటలు ఎక్కడ ఆడేవారో, ఎవరి కంప్యూటర్ మీద ఆడేవారో ఆ ఒక్క కీ చెబుతుంది.

ఆటలో స్త్రీ ఎక్కడ?

ఈ ఆటల్లో అత్యధిక భాగం స్త్రీని గెలుచుకోవాల్సిన బహుమతిగా, తెరవాల్సిన బొమ్మగా చూపాయి. దీన్ని ఆ కాలపు అమాయకత్వంగా తీసిపారేయడం కుదరదు. పైన చెప్పిన మెమరీ లెక్కలు కూడా ఇందులో భాగం పంచుకున్నాయి. నాలుగు బొమ్మలకే చోటున్నప్పుడు ఆ నాలుగూ ఏవి కావాలో కొనేవాడి కోరికను ఊహించి ఎంచారు. ఆ కొనేవాడు మగవాడన్నది ఎవరూ ప్రశ్నించలేదు. ఆమెకు మాటలు రాయడానికి చోటు లేదన్నది సాకు. అక్షరాలు చవకని ఇన్ఫోకామ్ చూపింది. 1987లో అదే సంస్థ కోసం ఎమీ బ్రిగ్స్ అనే రచయిత్రి రాసిన ప్లండర్డ్ హార్ట్స్‌లో కథానాయిక స్త్రీ, ప్రేమకథ ఆమె వైపు నుంచి నడుస్తుంది.

ఫ్రాన్స్‌లో మార్టినీక్ దీవి నుంచి వచ్చిన మ్యూరియల్ ట్రామిస్, కోక్టెల్ విజన్ కంపెనీలో ఇమాన్యుయెల్, గీషా, ఫాసినేషన్ లాంటి శృంగార ఆటల రూపకల్పనలో పనిచేశారు. బానిసత్వ చరిత్ర మీద కూడా ఆటలు రాసిన ఆమెకు 2018లో ఫ్రాన్స్ లెజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారం ఇచ్చింది. పెద్దల ఆట అంటే ఒకే రకం సరుకు అన్న ముద్ర ఆమె పని దగ్గర నిలవదు.

మన దగ్గర

మన దేశానికి ఈ చరిత్రతో ఒక సన్నని, నిజమైన పోగు ఉంది. స్పెక్ట్రమ్‌ను భారత్‌లో లైసెన్సుతో డీబీ స్పెక్ట్రమ్ పేరుతో తయారుచేసింది డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ. కానీ ఆ రోజుల్లో ఇంట్లో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మాటల ఆట ఆడాలంటే ఇంగ్లీషు కావాలి, ఇంటి యంత్రాలపై తెలుగు లిపి మామూలుగా కనబడేది కాదు. ల్యారీ లాంటివి ఇక్కడికి చేరింది 1990లలో, అసెంబుల్డ్ పీసీలతో పాటు చేతులు మారిన ఫ్లాపీల్లో. అట్ట లేదు, వయసు గుర్తు లేదు, పుస్తకం లేదు.

భారత్‌లో ఆటలకు సెన్సార్ బోర్డు లాంటి ప్రభుత్వ సంస్థ ఇప్పటికీ లేదు. అశ్లీలతపై సాధారణ చట్టాలే వర్తిస్తాయి. 2000 నాటి ఐటీ చట్టంలో 67వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రూపంలోని అశ్లీలతకు వర్తిస్తుంది. పాత శిక్షాస్మృతి 292వ సెక్షన్ పుస్తకం, బొమ్మ, ఇతర వస్తువు అని రాసి ఊరుకుంటే, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రూపాన్ని విడిగా చేర్చింది. ఆటకు వయసు నిర్ణయించే పని మాత్రం యాప్ స్టోర్లకే వదిలేసినట్టయింది.

కాపలా చేతులు మారిన తీరు

ఈ నలభై ఏళ్లలో కాపలా ఎక్కడెక్కడ నిలబడిందో వరుసగా చూస్తే నేటి గొడవ అర్థమవుతుంది. 1981లో ఎక్కడా లేదు. 1985లో నింటెండో తాళం చిప్‌లో ఉంది. 1992లో జపాన్ దుకాణం అర దగ్గర ఉంది. 1993లో అమెరికా సెనేట్ విచారణల తర్వాత 1994లో వచ్చిన ఈఎస్‌ఆర్‌బీ (ఆటలకు వయసు గుర్తులిచ్చే సంస్థ) గుర్తుల్లో ఉంది. 2008లో యాప్ స్టోర్ తెరిచిన యాపిల్, తానే ద్వారం దగ్గర కూర్చుంది. 2010 ఫిబ్రవరిలో శృంగార యాప్‌లను పెద్ద సంఖ్యలో తీసేసింది. సర్క్యూట్ బొమ్మలు అచ్చువేసి ఇచ్చి, ఏ ప్రోగ్రామైనా నడుపుకోమన్న యాపిల్ 2 కంపెనీ ఇదే.

2025లో కాపలా ఇంకో అడుగు వెనక్కి జరిగి, డబ్బు దారిలో నిలబడింది. ఇది మిగతావాటికంటే బలమైనది. ఒక దుకాణం వద్దంటే మరో దుకాణానికి పోవచ్చు. కార్డు చెల్లింపు ఆగితే దుకాణాలన్నీ ఒకేసారి ఆగుతాయి. సోఫురిన్‌కు రాసిపెట్టిన ప్రమాణాలున్నాయి, కోర్టుకు అప్పీలు ఉంది, ఈఎస్‌ఆర్‌బీ గుర్తుకు కారణం అడగొచ్చు. చెల్లింపు కంపెనీ అభ్యంతరానికి స్పష్టమైన జాబితా ఉండదు, తయారీదారుకు అడిగే చోటూ ఉండదు. స్టీమ్ తన నియమాల్లో చెల్లింపు సంస్థల ప్రమాణాలకు విరుద్ధంగా ఉండొచ్చన్నవి తీసేస్తామని చేర్చింది, ఆ ప్రమాణాలు ఏమిటో వివరించలేదు. దీని ప్రభావం ముందుగా పడేది చిన్న తయారీదారుల మీద. అత్యాచారాన్ని ఆటగా అమ్మేవాళ్లతో పాటు, వేధింపుల నుంచి బయటపడిన అనుభవాన్ని ఆటగా రాసుకున్నవాళ్లు, పెద్దల మధ్య ప్రేమను గంభీరంగా చెప్పేవాళ్లు కూడా ఒకే వలలో పడతారు. ఒకదాన్నుంచి మరొకదాన్ని వేరుచేయడానికి మనుషులు కూర్చుని ఆట ఆడి చూడాలి. క్యోటో ఘటన తర్వాత జపాన్ కంపెనీలు కనీసం ఆ పని చేశాయి. చెల్లింపు కంపెనీల దగ్గర అలా ఆడి చూసే గది ఉన్నట్టు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.